బయానా ఎందుకు వద్దన్నాను

నాకు నోరెక్కువ. ఇది గొప్పకు చెప్పుకుంటున్న మాట కాదు, ఆబిడ్స్‌లో మా సందులో ఎవర్నడిగినా చెప్తారు. ముప్పై ఏళ్లుగా రబ్బరు స్టాంపుల దుకాణం నడుపుతున్నాను. నోటరీలు, బ్యాంకు మేనేజర్లు, బడి హెడ్మాస్టర్లు, అందరూ నా కౌంటరు ముందు నిలబడి అక్షరాల దగ్గర నాతో పోట్లాడి ఓడిపోయినవాళ్లే. అలాంటిదాన్ని, నిరుడు ఒక గదిలో ఒకే ఒక్క మాట చెప్పాల్సి వస్తే కుక్కిన పేనులా కూర్చున్నాను. ఆ సంగతే ఇది. రాసుకుంటే మనసు తేలికవుతుందంటారు. ఏమో మరి, నేను రెండుసార్లు రాసి చించేశాను, నాకేం తేలిక కాలేదు.

మా దుకాణం సొంత మల్గిలోనే ఉంది. రోడ్డు వారగా షట్టరు పెట్టిన దుకాణం గదిని ఈ ఊళ్లో మల్గి అంటారు. మాది గుంటూరు వైపు. యాభై ఆరులో ఆఫీసులు కర్నూలు నుంచి ఇక్కడికి కదిలినప్పుడు మా నాన్న ఫైళ్లతో పాటు వచ్చిన గుమాస్తా. రిటైరైన డబ్బులతో ఈ మల్గి కొని స్టాంపుల పని మొదలుపెట్టాడు. ఆయన తర్వాత అది నా చేతికొచ్చింది. ఇప్పుడు స్టాంపులకి మునుపటి గిరాకీ లేదు. పని చేసే మిషన్లన్నీ కలిపి ఒక మూలన సరిపోతున్నాయి. అందుకని ముందు సగం కిరాయికిద్దామనుకున్నాను.

ఆ మాట చెవిన పడి వచ్చినవాడు మాస్టర్. నాంపల్లి కోర్టుల దగ్గర వకీళ్లకు నల్లకోట్లు, గౌన్లు కుట్టే టైలరు. గౌలిగూడలో తాతల నాటి ఇల్లు, పాత హైదరాబాదీ కుటుంబం. పదేళ్లుగా తెలిసినవాడు. నాకన్నా నాలుగైదేళ్లు చిన్న, నన్ను అక్కా అంటాడు. కోర్టు పక్కనే ఒక పాత బిల్డింగులో రెండో అంతస్తులో ఆయన గది. ఇరవై ఏళ్లుగా అక్కడే కుట్టాడు. చిక్కల్లా మెట్ల దగ్గరే.

"సీనియర్ వకీల్లకు మోకాళ్లు నొస్తున్నయి అక్కా. కింద నిలబడి ఫోన్ జేస్తరు, నేను టేపు పట్టుకొని దిగి రోడ్డు మీద కొలతలు తీసుకుంట. గిట్ల ఎన్నొద్దులు? నాకు కింది మల్గి గావాలె."

రెండు మూడుసార్లు మాట్లాడుకున్నాం. కిరాయి తేలింది. ఒకటో తారీఖు నుంచి అనుకున్నాం. మధ్యలో చెక్క పార్టిషన్ నేను పెట్టించాలి, కరెంటు మీటరు ఆయన వేయించుకోవాలి. అన్నీ తేలాక ఒక గురువారం ఆయన రుమాల్లో నోట్లు చుట్టుకుని వచ్చాడు. బయానా. ఇక్కడ బేరం కుదిరిందంటే బయానా చేతిలో పెట్టాల్సిందే, అది పుచ్చుకుంటేనే పక్కా. నాకూ తెలుసు. కానీ మా ఇంట్లో పద్ధతి వేరు. తెలిసినవాళ్ల దగ్గర ముందస్తు సొమ్ము పుచ్చుకోవడం మా నాన్నకి చిన్నతనంగా ఉండేది. నీ మాట మీద నాకు నమ్మకం లేదని ఎదుటివాడి మొహం మీద చెప్పినట్టు ఉంటుందనేవాడు. నేను ఆ రుమాలు వెనక్కి నెట్టాను.

"మన మధ్య బయానా ఏంటి మాస్టర్? నా మాటే బయానా అనుకోండి."

ఆయన రెండుసార్లు బతిమాలాడు. "తీసుకోండ్రి అక్కా, మా కాడ రివాజు" అన్నాడు. నేను తీసుకోలేదు. పైగా ఎంత పెద్దరికం వెలగబెట్టానని, ఆ సాయంత్రమంతా నాకు నేనే ముచ్చటపడ్డాను. చాయ్ తెప్పించాను. ఆయన ముందు సగం పొడవు, వెడల్పు టేపుతో కొలిచి తన చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. గోడ నుంచి గోడకి ఆరున్నర అడుగులు. ఆయన కటింగ్ టేబులు టేకుది, వాళ్ల నాన్న చేయించింది, ఎనిమిది అడుగులు. గౌను గుడ్డ ఒక్కసారిగా పరిచి కత్తిరించాలంటే ఆ పొడవు కావాలట. "చూద్దాం, ఏదన్న జేస్త" అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

సోమవారం ఒక కళ్లద్దాల కంపెనీ మేనేజరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ల్యాప్‌టాప్. మొత్తం ముందు భాగం అద్దాలతో, ఏసీతో వాళ్ల ఖర్చుతోనే చేయించుకుంటారట. అయిదేళ్ల అగ్రిమెంటు. మాస్టర్ ఇస్తానన్నదానికి రెండింతలకు పైనే కిరాయి. నన్ను మేడమ్ అంటూ, మా సందులో ఇంత మంచి జాగా ఇంకోటి లేదన్నాడు. "పై ఆఫీసులో ఓకే అవ్వాలి, వారం పది రోజులు టైమివ్వండి" అని వెళ్లాడు.

అప్పుడు నేనేం చేయాలి? చంటిపిల్లనడిగినా చెప్తుంది. ఫోన్ తీసి, "మాస్టర్, ఇలా ఇంకో బేరం వచ్చింది, మీరు జర ఆగండి" అనాలి. ఆయన తిట్టుకునేవాడు, అంతే. నేను అనలేదు. కంపెనీ వాళ్లు రాకపోతే మాస్టర్ అన్నా ఉండాలి కదా. రెండు పడవల మీద కాళ్లు పెట్టాను. మా ఆయన రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని "ఆ టైలరుకి చెప్పావా?" అనేవాడు. మూడో రోజు, నా దుకాణం నేను చూసుకుంటాను, మీరు పేపరు చదువుకోండి అని కసిరాను. ఆయన మళ్లీ అడగలేదు.

మరుసటి వారం బుధవారం మధ్యాహ్నం మాస్టరే ఫోన్ చేశాడు. వెనక వడ్రంగి రంపం నూరుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"అక్కా, వడ్లాయన వచ్చిండు. టేబులు అడుగున్నర కోయిస్తున్న. కొలత పక్కానే గద? ఒక్కసారి కోసినంక మల్ల అతకదు."

ఈ ఫోన్ దగ్గరే నా కథంతా ఉంది. మిగిలినవన్నీ, వకీళ్లూ నోటీసులూ, దాని తర్వాత వచ్చిన తంతు. నాకు అన్నీ తెలుసు. కంపెనీ మేనేజరు అంతకుముందే "దాదాపు అయిపోయినట్టే మేడమ్" అని మెసేజ్ పెట్టాడు. అది చదివి అరగంట కాలేదు. మాస్టర్ రంపం పట్టించి, నా నోటి మాట కోసం ఆగి ఉన్నాడు. ఒక్క రోజు ఆపండి అన్నా చాలు. ఆయన కారణం కూడా అడిగేవాడు కాదు.

"ఆ, సరిగ్గానే ఉంది మాస్టర్" అన్నాను.

ఎందుకన్నాను? ఇప్పటికీ నాకు సమాధానం దొరకలేదని రాస్తే బాగుంటుంది, కానీ దొరికింది. ఆగండి అంటే ఎందుకని అడుగుతాడేమో, అప్పుడు నిజం చెప్పాల్సి వస్తుంది, నా పెద్దరికం పోతుంది. ఆ మొహమాటానికి ఆయన తండ్రి టేబుల్ని కోయించాను. నా మొహం మండ, అదీ ఒక మొహమాటమేనా?

శుక్రవారం కంపెనీతో సంతకాలయ్యాయి. వాళ్ల దగ్గర అడ్వాన్సు చెక్కు మటుకు తీసుకున్నాను. తెలియనివాళ్లు కదా, వాళ్ల దగ్గర చిన్నతనమేముంది. ఆ తర్వాత మాస్టర్ ఫోన్లు ఆరు వచ్చాయి. ఒక్కటీ ఎత్తలేదు. మోగుతున్నంతసేపూ స్క్రీన్ వంక చూస్తూ కూర్చుని, ఆగాక హమ్మయ్య అనుకునేదాన్ని. రేపు చెప్దాం, రేపు చెప్దాం. ఆయనే తెలుసుకుంటే బాగుండునని కూడా అనుకున్నాను.

తెలుసుకున్నాడు. ఒకటో తారీఖు పొద్దున ట్రాలీ ఆటోలో కోసిన టేబులు, రెండు కుట్టు మిషన్లు, కోట్లు తగిలించే స్టాండు వేసుకుని దుకాణం ముందు దిగాడు. లోపల కంపెనీ మనుషులు పాత గచ్చు పగలగొడుతున్నారు. ఆయన గుమ్మంలో నిలబడి ఆ దుమ్ము చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నేను కౌంటరు వెనక ఏదో స్టాంపు చేతిలో పట్టుకుని తుడుస్తున్నాను.

"అనుకోకుండా ఇలా అయింది మాస్టర్..." అన్నాను.

"ఫోన్ల చెప్తే అయిపోతుండె గద అక్కా" అన్నాడు. గొంతు పెంచలేదు. "నిన్ననే పాత గది తాళంచెవి ఇచ్చేసిన. పొద్దుగాల జిరాక్సాయన దిగిండు అండ్ల."

ఆటోవాడు సామాను దింపాలా వద్దా అని హారన్ కొట్టాడు. మాస్టర్ వెళ్లి ఆటో ఎక్కాడు. ఎటు వెళ్లారో నేను అడగలేదు.

నెల తిరక్కుండా నోటీసు వచ్చింది. ఆయన దగ్గర కోటు కుట్టించుకునే ఒక కుర్ర వకీలు రాసిచ్చాడట. నేను మాటిచ్చాననీ, ఆ మాట నమ్మి గది వదులుకున్నాడనీ, టేబులు కోయించాడనీ, పనికి జాగా లేక కూర్చున్నాడనీ ఉంది. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అది చదివి నాకు వచ్చింది సిగ్గు కాదు, కోపం. నాకే నోటీసా, నాకు! అని ఎగిరాను. సిగ్గుపడాల్సినప్పుడు కోపం తెచ్చుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

నా వకీలు ఆఫీసు గన్‌ఫౌండ్రీలో. పెద్దాయన, నెమ్మదస్తుడు. నోటీసు రెండుసార్లు చదివి కళ్లజోడు తీశాడు.

"సంతకం చేసిన కాగితం ఉందా?"

"లేదండి."

"బయానా?"

"ఇవ్వబోయాడు. నేను తీసుకోలేదు."

ఆయన మొహం విప్పారింది. "మంచి పని చేశారమ్మా. అదొక్కటి చాలు. కాగితం లేదు, బయానా లేదు, అంటే ఒప్పందం పుట్టనే లేదు. బేరాలు నడిచాయి, కుదరలేదు. లోకంలో రోజూ జరిగేదే."

నేను మర్యాద కోసం చేసిన పని నన్ను కాపాడుతుందని అప్పుడు తెలిసింది. ఊపిరి పీల్చుకున్నాను, నిజంగానే. కానీ ఆయన ఊరుకోలేదు.

"ఒకటుంది కానీ. కాంట్రాక్టు లేకపోయినా, మీరు ఖాయంగా మాటిచ్చి, ఆ మాట నమ్ముకుని అవతలి మనిషి అడుగేసి, ఆ అడుగుతో నష్టపోతే, ఇప్పుడు కాదనడం అన్యాయమని వాళ్లు వాదించొచ్చు. అలాంటి వాదనకి చట్టంలో చోటుంది. కాబట్టి నాకు చెప్పండి. మీరు ఇస్తానని ఖాయం చేశారా, లేక ఇంకా మాటలు నడుస్తున్నాయా?"

"మాటలు నడుస్తున్నాయండి" అన్నాను.

"ఆయన పనులు మొదలుపెట్టినట్టు మీకు తెలుసా?"

రంపం చప్పుడు ఆ గదిలో ఎవరికీ వినపడదు కదా.

"తెలియదండి."

జవాబు నోటీసు వెళ్లింది. జరిగినవి 'ప్రాథమిక సంప్రదింపులు మాత్రమే'నట, ఆయన చేసుకున్నవన్నీ 'తన సొంత పూచీ మీద' చేసుకున్నవట. జీవితమంతా ఇతరుల అక్షరాలు దిద్దినదాన్ని, ఆ వాక్యాల్లో తప్పు ఒక్కటీ దొరకలేదు. ఎంత చక్కగా రాశాడు అనుకుని సంతకం పెట్టాను.

దావా వేసేలోపు ఒకసారి ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించే ఏర్పాటు నాంపల్లి కోర్టు ఆవరణలోనే ఉంది. అక్కడికి పిలిచారు. చిన్న గది, నాలుగు కుర్చీలు, ఒక ఫ్యాను. మధ్యవర్తిగా ఒక నడివయసు ఆవిడ, ఓపికస్తురాలు. ఇటు నేను, నా వకీలు. అటు మాస్టర్ ఒక్కడే. కుర్ర వకీలుకి ఆ పూట వేరే కేసు పడిందట. నా వకీలు వేసుకున్న కోటు మాస్టర్ కుట్టిందే. ఆయన కూర్చోగానే మాస్టర్ కళ్లు ఆ కాలరు మీదకి వెళ్లాయి. అక్కడ దారం ఊడిందో ఏమో, ఒక్క క్షణం చూసి కళ్లు తిప్పేసుకున్నాడు.

ఆవిడ మాస్టర్‌ని అడిగింది. "మీకేం కావాలండి? మల్గియా, నష్టపరిహారమా?"

నేను దానికి సిద్ధపడే వెళ్లాను. ఎంతో కొంత ఇచ్చి వదిలించుకుందామని నా వకీలు ముందే చెప్పాడు.

"మల్గి ఒద్దు మేడం. ఆడ ఇప్పుడు అద్దాలు పెట్టిన్రు. పైసలు గూడ ఒద్దు. ఊర్ల అందరు అంటున్నరు, నువ్వే ఆశపడి లేని మాట ఉన్నదనుకున్నవని. నా భార్య గూడ గదే అంటది. అక్కతోని ఒక్కటి చెప్పియ్యుండ్రి. నేను బయానా ఇయ్యబోతే ఎందుకు ఒద్దన్నదో అక్కను చెప్పమనుండ్రి. గంతే."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఇంత చిన్న కోరిక. నా మాటే బయానా అన్నాను కాబట్టి. ఐదారు మాటల వాక్యం. నా వకీలు నాకన్నా ముందు అందుకున్నాడు, అది ఆయన పని.

"ఒప్పందం కుదరలేదు కాబట్టి బయానా తీసుకోలేదు. అందులో చెప్పడానికి ఇంకేముంది?"

ఆవిడ నా వైపు తిరిగింది. "అంతేనామ్మా?"

మాస్టర్ నన్నే చూస్తున్నాడు. నేను నోరు తెరిచానని ప్రమాణపూర్తిగా చెప్పగలను. తెరిచి, మళ్లీ మూసి, తల ఊపాను. అవునని. అరక్షణం కూడా పట్టలేదు.

ఆయన లేచాడు. చొక్కా జేబు తడుముకుని పెన్ను తీసి, "ఏడ సంతకం జెయ్యాలె?" అని ఆవిడని అడిగాడు. ఇంక దావా ఏమీ వేయనన్నాడు. సంతకం చేసి, గుమ్మం దాటుతూ నాకు నమస్కారం పెట్టాడు.

"వస్త మేడం" అన్నాడు.

పదేళ్ల పరిచయంలో ఆయన నన్ను మేడం అనడం అదే మొదలు. కళ్లద్దాల మేనేజరు అంటే పొంగిపోయానే, అదే మాట. తల కొట్టేసినట్టయింది. నా వకీలు కిందికి దిగుతూ, కేసు ఇంత తేలిగ్గా పోతుందనుకోలేదు, అదృష్టవంతులమ్మా మీరు అన్నాడు. తేలు కుట్టిన దొంగలా మెట్రో ఎక్కి ఇంటికొచ్చాను. మా ఆయన ఏమైందని అడిగాడు. అయిపోయిందన్నాను.

రెండు నెలలు ఆగలేక ఆగాను. నిద్ర పట్టలేదు లాంటివి రాయను, బాగానే పట్టింది, తింటున్నాను కూడా. కానీ దుకాణంలో ఎవరైనా నల్లకోటు వేసుకుని వస్తే చాలు, కౌంటరు కింద ఏదో వెతుకుతున్నట్టు వంగిపోయేదాన్ని. చివరికి ఒకరోజు నాంపల్లి వెళ్లి వాకబు చేశాను. కోర్టు ఎదురు వరసలో ఒక మందుల దుకాణం అరుగు మీద ఒక మిషను వేసుకుని కూర్చున్నాడు. రెండో మిషను లేదు. పైన ఎండకి కట్టిన బరకం. కొత్తగా ప్రాక్టీసు పెట్టిన ఒక వకీలు అమ్మాయికి కోటు కొలతలు తీసుకుంటున్నాడు. అది అయ్యేదాకా పక్కన నిలబడ్డాను. ఆ పిల్ల వెళ్లాక చెప్పాను.

"మాస్టర్, నేను మాటిచ్చాను. కొలత సరిగ్గా ఉందని కూడా చెప్పాను, అప్పటికే కంపెనీ వాళ్ల సంగతి నాకు తెలుసు. ఆ రోజు గదిలో అబద్ధమాడాను. తప్పు నాదే."

దారిలో వంద సార్లు అనుకున్న మాటలు. గడగడా అప్పజెప్పేశాను. చెప్పాక, మెచ్చుకోవాల్సిన పనేదో చేసినట్టు ఆయన మొహం వంక చూశాను కూడా. అదీ నా బుద్ధి.

ఆయన టేపు మెడలో వేసుకున్నాడు. కోపం లేదు, పరాచికం లేదు. కొలత పుస్తకంలో అంకెలు రాసుకోవడం పూర్తి చేసి అప్పుడు అన్నాడు.

"నాకెరుకనే గద మేడం. నాకు చెప్పనీకి ఇంత దూరం వచ్చిన్రా? తెల్వనోళ్లు ఆ గదిల ఉండె. ఆళ్లకు చెప్పకపోతిరి."

 ఇంకో గిరాకీ వచ్చి నిలబడింది. ఆయన అటు తిరిగాడు.

కనీసం కాగితం మీదన్నా చెప్దామని ఇది మొదలుపెట్టాను. తెలియనివాళ్లకే చెప్తున్నాను, ఆయన అన్నట్టే. మొదటిసారి రాసినప్పుడు పేర్లు పెట్టాను. ఆయన పేరు, నా పేరు, మా సందు పేరు. రెండోసారి నా పేరూ సందు పేరూ తీసేశాను. మూడోసారి ఆయనదీ తీసేశాను, చదివినవాళ్లకి ఆయన పేరు దొరికితే నా దుకాణం దొరక్కుండా పోదు కదా. ఆయన మర్యాద కోసం దాచాననుకుంటారేమో మీరు. కాదు. ఇక్కడ కూడా తల ఊపే వెళ్తున్నాను.